ఉదయగిరి దారిలో, పొయ్యిల పక్కన

నెల్లూరు నుంచి పడమరకు బయల్దేరితే బుచ్చిరెడ్డిపాళెం మీదుగా సంగం దాకా కళ్ళ నిండా వరి. కాలవలు, కాలవ గట్ల మీద కొబ్బరి చెట్లు, కోసిన మళ్ళలో దిగిన బాతుల గుంపులు. మాది తెనాలి వైపు పల్లె కాబట్టి ఆ దారి నాకు కొత్తగా అనిపించలేదు. సంగం దగ్గర పెన్న మీద 2022లో ప్రారంభమైన బ్యారేజీని ఎడమచేతి వైపు వదిలి ఆత్మకూరు వైపు సాగేకొద్దీ నేల రంగు మారింది. ఎర్ర మన్ను, రాతి గుట్టలు, చిల్లకంప, తాటిచెట్లు, అక్కడక్కడా నిమ్మ, బత్తాయి తోటలు. రోడ్డుకు అడ్డంగా గొర్రెల మందలు. పొడుగు కాళ్ళు, వేలాడే చెవులు, ఒంటి మీద ఉన్నికి బదులు పొట్టి వెంట్రుకలు. మన దేశంలో నెల్లూరు గొర్రెంత ఎత్తు పెరిగే జాతి ఇంకోటి లేదంటారు. తెల్లగా ఉంటే పల్ల, మొహాన నల్లమచ్చలుంటే జోడిపి, ఎర్రగా ఉంటే దొర. మంద దాటేదాకా ఆగిన నాకు కాపరి కుర్రాడు కర్రతో చూపిస్తూ ఈ మూడూ చెప్పాడు. అడక్కుండానే చెప్పాడు. తెలిసిన దాన్ని ఎదుటివాళ్ళకు చెప్పాలన్న ఆ తపన ఆ తర్వాత దారి పొడుగునా చూశాను.

ఇక్కడివాళ్ళు ఈ నేలను మెట్ట అంటారు. ఉదయగిరికి జనం కోట చూడటానికి వెళ్తారు. నన్ను అటు లాగింది ఆ ఊళ్ళో చెక్కే గరిటెలు, ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా కట్టెల పొయ్యి మీద వండే సంగటి, పులుసులు. ఒక ఇంటి వంట తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి ఎలా చేరుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది చాలా ఏళ్ళుగా నన్ను వదలని ప్రశ్న. మా డెల్టాలో దీనికి జవాబు సులువు అనుకునేదాన్ని. ఆవకాయకు కొలత ఉంది. అరిసెల పాకానికి గుర్తు ఉంది. సున్నుండలకు నెయ్యి లెక్క ఉంది. అన్నీ కాగితం మీద పెట్టొచ్చు. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ గారు రాసిన 'వంటలు – పిండివంటలు' పుస్తకం దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ అచ్చయి, ఎంతమంది పెళ్ళికూతుళ్ళ పెట్టెల్లో అత్తవారింటికి వెళ్ళిందో లెక్కలేదు. రెండు పూటలా వరన్నం తినే ఇళ్ళకు ఆ పుస్తకం గొప్ప ఆసరా. వానను నమ్ముకుని బతికిన ఇళ్ళలో, సంగటి తిని పెరిగిన ఇళ్ళలో ఈ అప్పగింత ఎలా జరుగుతుందో చూడాలనిపించింది.

ఆత్మకూరులో మా స్నేహితురాలి మేనత్త ఇంట్లో దిగాను. ఉగాది వెళ్ళిన రోజులు. కొత్త చింతపండు గింజ తీసి, ఉప్పు చల్లి కుండల్లోకి ఎత్తుతున్నారు. పెరట్లో నులక మంచం మీద పాత చీర పరిచి దోసకాయ వరుగులు ఎండబెట్టారు. ఆ సాయంత్రం సోమశిల జలాశయం నుంచి బొచ్చె చేప వచ్చింది. అత్త దాన్ని రాత్రికి వండుతుందనుకున్నాను. "రేత్రికి వండితే రేపు తినాల. ఈ పూటకు పప్పుచారుతో సర్దుకో తల్లీ" అంది.

మట్టి చట్టిలో నూనె కాగాక ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు. ధనియాలు, మెంతులు, మిరియాలు వేయించి కొట్టిన పొడి. చింతపండు పులుసు పోసి, అది తెర్లి నూనె పైకి తేలేదాకా ముక్క వెయ్యలేదు. ముక్కలు వేశాక గరిటె అందుకోబోతే చెయ్యి పట్టుకుంది. "గరిటె పెట్టబాక. ముక్క చిదిరిపోతాది. చట్టిని పట్టుకుని తిప్పు." గుడ్డ ముక్కలతో చట్టి అంచులు రెండూ పట్టుకుని, మణికట్టు ఆడించి, పులుసు తనంతట తాను తిరిగేట్టు తిప్పింది. ఆఖర్న పచ్చి మామిడికాయ ముక్కలు. ఆ తిప్పడాన్ని నేను నాలుగైదు మాటల్లో రాసేశాను గానీ, అది చేతికి పట్టాలంటే ఎన్ని చట్లు తిప్పాలో. మర్నాడు పొద్దున ఆ పులుసు దోశల్లోకి వడ్డించినప్పుడు మామిడి పులుపు ముక్క లోపలిదాకా దిగి ఉంది.

ఇది మీ అత్తగారు నేర్పిందా అని అడిగాను. ఆమె చెప్పిన జవాబు నా యాత్ర మొత్తానికి దారి చూపింది. ఆమె పుట్టిల్లు అల్లూరు వైపు, సముద్రానికి దగ్గర. వాళ్ళమ్మ వండింది సముద్రపు చేప. ఆత్మకూరు కోడలిగా వచ్చిన కొత్తలో ఇక్కడ తాజా చేప అంటే చెరువులు నిండినప్పుడు దొరికేవే, మిగతా కాలమంతా ఎండుచేపలు. అత్తగారికి ఎండుచేప, వంకాయ కలిపి పులుసు పెట్టడం బాగా వచ్చు. సోమశిల నిండాక పెద్ద పెద్ద బొచ్చెలు ఊళ్ళోకి రావడం మొదలైంది. వాళ్ళమ్మ పులుసు ఆ చేపకు సరిపోలేదు, నీచు తగిలింది. అత్తగారి పులుసు అసలే సరిపోలేదు. కోడలు అల్లం పెంచింది, ధనియాలు పెంచింది. అత్తగారు చింతపండు తగ్గించి మామిడికాయ వెయ్యమంది. అలా ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర నిలబడి ఈ పులుసును కుదిర్చారు.

సోమశిల జలాశయం 1980ల చివరికి పూర్తయింది. 78 టీఎంసీలు పట్టే ఆ నీళ్ళ కింద కడప జిల్లా వైపు ఎన్నో ఊళ్ళు మునిగాయి. ఆ ఊళ్ళవాళ్ళు తమ దేవుళ్ళను, గొడ్డూగోదను, రోళ్ళను మోసుకుని ఎటెటో వెళ్ళారు. వాళ్ళ పెరటి చింతచెట్లు మాత్రం వెంట రాలేదు. ఇవతలి గట్టున ఆత్మకూరు వంటిళ్ళలోకి కొత్త చేప వచ్చింది. మనవరాలు 'మా నాయనమ్మ పులుసు' అని గొప్పగా చెప్పుకునే ఆ వంటకం వయసు ఆ ఆనకట్ట వయసంత. దాంతో దాని విలువ నా దృష్టిలో పిసరంత కూడా తగ్గలేదు. అత్తాకోడళ్ళు ఇద్దరు కలిసి ఒక కొత్త చేపను ఇంటిదాన్ని చేసుకున్నారు. సంప్రదాయం అంటే ఇదే అని నాకు గట్టిగా అనిపించింది.

ఆత్మకూరు నుంచి అనుమసముద్రంపేట దగ్గరే. అందరూ ఏ.ఎస్.పేట అనే పిలుస్తారు. రహమతాబాద్ అన్న పేరూ ఉంది. ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా అక్కడిది. మనసు చెదిరినవాళ్ళను, జబ్బు తగ్గనివాళ్ళను తీసుకొచ్చి రోజుల తరబడి అక్కడే ఉంచే కుటుంబాలు కనిపించాయి. చూడటానికి బరువుగా ఉంటుంది. అయితే ఆ బరువు మధ్యే పొయ్యిలు వెలుగుతుంటాయి. మొక్కు తీరినవాళ్ళు కందూరి చేస్తారు. పొట్టేలును కోసి, అక్కడే వండి, ఫాతెహా అయ్యాక వచ్చినవాళ్ళందరికీ పెడతారు.

మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద డేగిసా పెట్టుకుని ఒక కుటుంబం వండుతోంది. కనిగిరి వైపు నుంచి వచ్చిన హిందువులు. వండుతున్న పెద్దాయన మాత్రం ముస్లిం. వాళ్ళ తాత కాలం నుంచి వీళ్ళ కందూరికి ఆయన ఇంటివాళ్ళే వండుతున్నారట. మసాలా ఆ ఇంటి ఆడవాళ్ళు నూరుకొస్తారు, అన్నం దించడం ఈయన పని. ఒక మొక్కు రెండు ఇళ్ళ మధ్య మూడు తరాలుగా నడుస్తోంది. నేను దూరంగా నిలబడి చూస్తుంటే ఆ ఇంటి కోడలు వచ్చి "అక్కా, తినకుండా పొయ్యేదేంది?" అని విస్తరి చేతిలో పెట్టింది. ఎవరు, ఏ ఊరు, ఎందుకొచ్చావు అని ఎవరూ అడగలేదు. మా వైపు భోజనానికి పిలిచే ముందు ఊరు, పేరు, ఎవరి తాలూకు అన్నీ తెలుసుకుంటాం. అది మర్యాదే. ఇక్కడి మర్యాద ముందు విస్తరి వేస్తుంది.

దుత్తలూరు దాటాక ఉదయగిరి కొండ కనిపించింది. వెలిగొండల వరసలో అది విడిగా, పైన నిలువుగా చెక్కిన రాతి గోడతో లేచి ఉంటుంది. సముద్రమట్టానికి మూడు వేల అడుగులకు పైగా ఎత్తు. కొండ మీద ఎనిమిది, కింద అయిదు, మొత్తం పదమూడు కోటలు ఉండేవని పాత జిల్లా గ్రంథాలు చెబుతాయి. ఊళ్ళోకి వెళ్తే శిథిల గోపురం, మసీదులు, కూలిన గోడల పక్కన ఇళ్ళు, ఇళ్ళ అరుగుల మీద చెక్క పొట్టు.

ఆ పొట్టు వెంట వెళ్తే గరిటెలు చెక్కే ఇళ్ళు వస్తాయి. ఉదయగిరి చెక్క చెంచాలకు, గరిటెలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. చుట్టూ ఉన్న కొండల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారి వంటి కొయ్యలతో చెక్కుతారు. ఉలి, రంపం, ఆకురాయి తప్ప పెద్ద యంత్రమేదీ లేదు. పిడి మీద తీగలు, పూలు, జాలీ పని. ఆ నగిషీలో పారసీక ఛాయ కనిపిస్తుంది. గోల్కొండ నవాబుల కాలం నుంచి ఇక్కడ స్థిరపడ్డ ముస్లిం కుటుంబాల పని ఇదని ఊళ్ళో చెప్పారు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, గడప దాటితే అచ్చమైన నెల్లూరు తెలుగు.

నేను కూర్చున్న ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు పని చేస్తున్నారు. పెద్దామె తొలిగా అడిగిన మాట నన్ను కదిలించింది. "ఏం వండుతావక్కా దీంతో?" ధర కాదు, సైజు కాదు. పులుసుకైతే తవ్వు తక్కువగా, అంచు పల్చగా ఉండాలి. పప్పుకైతే లోతు ఉండాలి. హల్వాకైతే కొస నిలువుగా ఉండి అడుగు గోకాలి. సంగటికైతే ఈ సన్న గరిటెలు పనికిరావు, దానికి తెడ్డు వేరే ఉంటుంది. వంట తెలియని చెయ్యి గరిటె చెక్కలేదు అని ఆమె నమ్మకం. చింతపండు పులుసుతో కొయ్యకు పేచీ లేదు, మట్టి చట్టి గీరుకోదు, పిడి కాలదు. ఇవన్నీ ఆమె గరిటె తిప్పుతూ చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె చెయ్యి ఖాళీ గాలిలో నిజంగానే పులుసు కలుపుతోంది.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే దాల్చా తిన్నాను. శనగపప్పు, సొరకాయ, ఎముక ముక్కలు, చింతపండు. పక్కన బగారా అన్నం. దాల్చా వాళ్ళ అత్తగారి చేతిది. ఆ అత్తగారు కడప కోడలు. కాబట్టి పులుపు ఎక్కువ, కారం ఇంకా ఎక్కువ. ఈ ఇంటామె తన పుట్టింటి దాల్చాను పెళ్ళైన ఏడాదే వదిలేసుకుంది. "అమ్మది మర్చిపోయినా అక్కా. నా చేతికి అత్తదే వచ్చేసింది" అంది. ఆ మాటలో బాధ ఉంది, తృప్తీ ఉంది. మనం ఇంటి వంటలంటే వంశవృక్షం పక్కనే పెట్టి మాట్లాడతాం. నిజానికి మన ఇళ్ళలో వంట రక్తం వెంట నడవలేదు, పెళ్ళిళ్ళ వెంట నడిచింది. ఏ ఇంటి వంట చూసినా నలుగురైదుగురు కోడళ్ళు తమ తల్లుల వంట కొంత వదిలి, కొంత కలిపి తెచ్చినదే. వదులుకున్నదాని పేరు ఎవరూ చెప్పుకోరు. ఆ తల్లుల వంటలకు కూడా ఒక లెక్క ఉండాలని నాకు అప్పటి నుంచి అనిపిస్తోంది.

చల్లపొద్దులో కొండ మొదట్లోకి కొంత దూరం ఎక్కాను. రాళ్ళ మధ్య మెట్లు, మెట్ల మధ్య గడ్డి, కింద చెరువులు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ దుర్గాన్ని పట్టుకోవడానికి ఏడాదికి పైగా ముట్టడి వేసి, 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్ళి విజయనగరంలో గుడి కట్టించాడు. హంపి కృష్ణాలయం అదే. ముట్టడి అంటే కత్తుల కన్నా ముందు గింజల లెక్క. కోటలోకి ధాన్యం వెళ్ళే దారులు మూస్తారు. పైన ఉన్నవాళ్ళు గాదెలో అడుగు కనిపించేదాకా తింటారు. ఆ ఏడాదిన్నర ఈ కొండ మీద ఆడవాళ్ళు ఏం వండి ఉంటారు? శాసనాలు దాన్ని రాయలేదు.

అదే రాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంటి భోజనాన్ని ఋతువుల వారీగా రాశాడు. వానాకాలంలో తడవని కొబ్బరి చిప్పల మంట మీద వండిన అన్నం, పప్పు, వరుగులు, వడియాలు, పెరుగు. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, మజ్జిగ పులుసు, చెరుకు రసం, లేత కొబ్బరి నీళ్ళు. చలికాలంలో మిరియాల పొడి చల్లిన వేడి కూరలు. రాజు కాబట్టి ఆ పళ్ళెం అయిదు వందల ఏళ్ళు నిలిచింది. గమనించండి, ఆ పళ్ళెంలో మిరపకాయ లేదు. మిరప అప్పటికి ఈ నేలకు రాలేదు, సముద్రం దాటి వచ్చిన పోర్చుగీసువాళ్ళ వెంట తర్వాత వచ్చింది. వేరుశనగా అలా వచ్చిందే. ఈ రోజు ఉదయగిరి పల్లెల్లో ఎండుమిరపకాయ, చెనక్కాయ లేకుండా సంగటి ముద్ద గొంతు దిగదు. ఆ రెండూ ఈ కోట కన్నా చిన్నవి. తొలిసారి వాటిని రోట్లో వేసి నూరిన ఆడమనిషి ఎవరో, ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

సీతారామపురం వెళ్ళే దారిలో వెలిగొండ మొదట ఒక పల్లె. అక్కడ ఒక అవ్వ ఇంట్లో గడిపిన పూట కోసమే ఇంత దూరం వచ్చానా అనిపించింది. ఇంట్లో ఇద్దరే, అవ్వ, మనవరాలు. మధ్యలో ఉండాల్సిన తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. ఈ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పరాయి దేశంలో పరాయి ఇంటికి వండుతున్న తల్లి, తన కూతురికి వంట నేర్పలేని దూరంలో ఉంది. అవ్వ ఆ బాధ్యతను తన మీద వేసుకుంది. పిల్ల పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది.

"ఏం పాపా, సంగటి తింటావా? మీ పక్కోళ్ళు తినరంటనే" అని అడిగింది అవ్వ. తింటానన్నాను.

కుండలో ఎసరు పెట్టి నూకలు వేసింది. అవి ఉడికాక రాగి పిండి కుప్పగా పోసింది, కలపలేదు. తెడ్డు వెనక కొసతో ఆ కుప్పలో బొక్క చేసి మూత పెట్టింది. ఆవిరి ఆ బొక్కలోంచి పైకి తన్ని పిండిని ఉడికిస్తుంది. తర్వాత కుండ కిందికి దించి, రెండు కాళ్ళ మధ్య గుడ్డతో బిగించి, తెడ్డును రెండు చేతులా పట్టుకుని గెలకడం. అక్కడే పని మనవరాలికి అప్పగించింది. పిల్ల గెలుకుతుంటే అవ్వ కుండ వైపు చూడలేదు. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని విన్నది. "ఇంగా ఉండలుండాయి" అంది. కాసేపాగి "ఇప్పుడు సరిపోయింది" అంది. తెడ్డు తిరిగే చప్పుడులో ఆమెకు ఉండ కట్టిన పిండి వినిపిస్తోంది. పిల్లకు ఇంకా వినిపించదు. వినిపించే రోజు వస్తుంది.

తడి చేత్తో ముద్దలు చేసి పెట్టారు. చింతచిగురు అప్పుడప్పుడే వేస్తోంది. దాంతో పప్పు, చెనక్కాయల ఊరిబిండి, కొంచెం నెయ్యి. రోట్లో నూరిన ఊరిబిండి నాలుక మీద గరుకుగా తగలాలి. మిక్సీలో వేస్తే మెత్తబడి నూనె వదులుతుందని పిల్లే చెప్పింది, అవ్వ వైపు ఓరగా చూస్తూ.

పిండి ఎంత, నీళ్ళెంత అని అడిగాను. "నీళ్ళకు కొలతుండాది. పిండికి లేదు. పిండి ఏ చేనిదో, ఎంత పాతదో చూసి పొయ్యాల." ఈ మాట విన్నాక తిరుమల లడ్డూల దిట్టం, అంటే సరుకుల కొలత, గుర్తొచ్చింది. శ్రీవారి పోటులో 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, చక్కెర 400 కిలోలు, నెయ్యి 165 కిలోలు, ముంతమామిడి పప్పు 30 కిలోలు, ఎండుద్రాక్ష 16, కలకండ 8, ఏలకులు 4 అని పాత లెక్క. మొత్తం 803 కిలోలు. లక్షల మందికి ఒకే రుచి అందాలంటే ఆ దిట్టం ఉండాల్సిందే, దాన్ని నేను గౌరవిస్తాను. అవ్వ పిండి మాత్రం ఏటా మారుతుంది. వాన బాగా పడిన ఏడు ఒకలా, పడని ఏడు ఇంకోలా. ఆమె దిట్టమంతా చేతిలో, చెవిలో ఉంది.

ఆరికల సంగతి ఎత్తాను. ఈ మెట్టలో ఒకప్పుడు ఆరికలు, వరిగలు, సజ్జలు, కొర్రలు తిన్నారు. అవ్వ కళ్ళు మెరిశాయి. ఆరికన్నం, పుల్లటి మజ్జిగ, ఉలవచారు. ఆమె చిన్నతనంలో రోజూ అదే. "ఆరికలు కోసిన ఏడు తినగూడదు పాపా. పాతబడాల. వానకు తడిసినయ్యి అసలే తినగూడదు, కైపెక్కి తల తిరగతాది" అంది. పొట్టు మీద పొట్టు ఉండే గింజ అది. తిరగలిలో ఒకసారి, రోట్లో ఇంకోసారి, చెరిగి మళ్ళీ. ఇదంతా వంటకు ముందు పని. వంట పుస్తకం మొదలయ్యే చోటుకు చేరడానికే ఒక పూట.

ఆ కైపు మాట వట్టి మూఢనమ్మకం కాదు. తడిసిన ఆరికకు బూజు పట్టి సైక్లోపియాజోనిక్ ఆమ్లం అనే విషం చేరుతుంది. 2024 అక్టోబరు చివర్లో మధ్యప్రదేశ్ బాంధవ్‌గఢ్ అడవిలో పది ఏనుగులు రోజుల వ్యవధిలో చనిపోయాయి. పరీక్షల్లో బయటపడింది ఈ ఆరిక విషమే. అవ్వకు ఆ వార్త తెలియదు. నేను చెబితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. 'నోరులేని జీవాలకు ఎవురు చెప్తారు' అని గొణిగింది. ఆమె తన అవ్వ దగ్గర నేర్చుకున్నది అన్నం వండటం ఒక్కటే అయితే, ఈ ఇంట్లో ఎవరో ఎప్పుడో ఆ గింజ వల్ల పడిపోయి ఉండేవారు. వంటతో పాటు ఆ హెచ్చరిక కూడా చేతులు మారుతూ వచ్చింది.

మరి ఆరికలు ఏమయ్యాయి? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలికి అది మంచే చేసింది, అవ్వ కూడా ఆ మాటే అంది. రోజంతా దంచి, చెరిగి, వండే పని ఆడవాళ్ళ నడుముల మీంచి దిగింది. చేలల్లోకి పొగాకు వచ్చింది. మర్రిపాడు మండలం డి.సి.పల్లిలో పొగాకు వేలం కేంద్రమే ఉంది. పొగాకు డబ్బు తెచ్చింది, సజ్జ తేలేదు. ఒకటి రెండు తరాల్లో గింజ పోయింది. గింజ పోయాక తిరగలి అరుగు కిందికి చేరింది. తిరగలి పోయాక ఆ వంట చెప్పడానికి మాటలే మిగిలాయి.

ఇప్పుడు గింజ వేరే దారిలో తిరిగొస్తోంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆరిక, కొర్ర, సామ, ఊద, అండుకొర్ర అని పట్నాల్లో ప్రచారం చేసిన ఖాదర్ వలీ గారికి అదే ఏడు పద్మశ్రీ వచ్చింది. నెల్లూరు దుకాణాల్లో పాలిష్ పట్టిన ఆరికల పొట్లాలు వరసగా ఉన్నాయి. నాకు సంతోషమే. అయితే పొట్లం మీద పోషకాల పట్టిక ఉంది, ఎలా ఉడికించాలో రెండు వరసలున్నాయి. ఇంటి దగ్గర పండించిన గింజను ఎంతకాలం నిల్వ పెట్టాలో, తడిస్తే ఏం చెయ్యాలో, ఏ పులుపుతో నంజుకోవాలో తెలిసిన మనిషి సీతారామపురం దారిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ అడగడం లేదు. గింజను వెనక్కి తెచ్చుకునే ఉత్సాహంలో ఆ మనిషిని వదిలేయడం పెద్ద తప్పని నేను అనుకుంటున్నాను.

మనవరాలు మాత్రం అడుగుతోంది. సాయంత్రం ఆ పిల్ల ఫోనులో అవ్వ వంటను వీడియో తీసి కువైట్‌లో ఉన్న తల్లికి పంపింది. నాకు మా తెనాలి దగ్గరి గుడివాడ కర్రె మస్తానమ్మ గారు గుర్తొచ్చారు. నూరేళ్ళు దాటిన ఆవిడ పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండుతుంటే, మునిమనవడు 2016 నుంచి యూట్యూబులో పెట్టాడు. 2018 డిసెంబరులో ఆవిడ పోయేనాటికి పది లక్షల మందికి పైగా ఆ చేతి వంట చూస్తున్నారు. గోళ్ళతో అల్లం పొట్టు తీసిన ఆ చేతులు పుస్తకంలో పట్టవు, వీడియోలో కొంత పట్టాయి. ఫోనును తక్కువ చెయ్యను. కానీ సీతారామపురం దారిలో ఆ పిల్లకు సంగటి వస్తున్నది వీడియో తీసినందువల్ల కాదు. తెడ్డు చేతికిచ్చి, ఉండ కట్టినా పక్కకు నెట్టకుండా, కళ్ళు మూసుకుని వింటున్న అవ్వ ఉన్నందువల్ల. కువైట్ నుంచి తల్లి ఆ రాత్రి ఫోన్ చేసి, కుండ అంచు ఇంకా గట్టిగా పట్టుకో అని కూతురికి చెప్పింది. తనకూ ఆ తెడ్డు ఇచ్చింది ఆ అవ్వేనట.

తిరుగు దారిలో ఆత్మకూరు దగ్గర ఇంకోసారి ఆగి, అత్త ఎత్తిపెట్టిన చింతపండు, ఉదయగిరి గరిటెలు పక్కపక్కన పెట్టుకుని తెనాలి చేరాను. మా ఇంట్లో పులుసు చట్టి తిప్పడం మొదలుపెట్టాను.

ఈ వేసవి సెలవుల్లో సొంత ఊళ్ళకు వెళ్ళేవాళ్ళను ఒకటి కోరుతున్నాను. పెద్దవాళ్ళను వంట రాసివ్వమని అడిగి కాగితం తీసుకుని వచ్చెయ్యకండి. వాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ ముందు మీరు వండండి. పక్కన పిల్లలను, మగపిల్లలను కూడా నిలబెట్టండి. ఏ గింజ ఎప్పుడు తినకూడదో, ఏ వంటను అత్తవారింటికి వచ్చి వదిలేసుకున్నారో కూడా అడగండి. మీ పక్కన ఆరికలో వరిగలో వేసే రైతు ఒక్కడున్నా ఆయన దగ్గరే కొనండి. గరిటె కావాలంటే ఉదయగిరిలో చెక్కేవాళ్ళ అరుగు మీదే దొరుకుతుంది. ఏం వండుతారో చెప్పి తీసుకోండి.